పీకినా పోని మెషిన్లు

2006లో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. పదిహేను సిస్టమ్‌లు, ఒక్కోదానికి 40 జీబీ హార్డ్ డిస్క్, 512 ఎంబీ ర్యామ్. పగలు విండోస్ ఎక్స్‌పీ మీద క్లాసులు, సాయంత్రం లినక్స్ బ్యాచ్. రెండిటికీ వేరే మెషిన్లు కొనే స్తోమత మా సారుకి లేదు. అందుకని విండోస్‌ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేర్ వేసి, దాన్లో లినక్స్ ఎక్కించేవాళ్ళం.

ఒకరోజు సారు "సి డ్రైవ్ నిండిపోయిందయ్యా, ఆ లినక్స్ నడిపే సాఫ్ట్‌వేర్ తీసెయ్" అన్నారు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ఫోల్డరు పట్టుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను. మర్నాడు చూస్తే నెట్‌వర్క్ కనెక్షన్లలో లేని కార్డులు రెండు అలాగే కూర్చున్నాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పేరుంది, రిమూవ్ నొక్కితే పోదు. అదే సీడీ తెచ్చి, మళ్ళీ వేసి, అప్పుడు పద్ధతిగా తీస్తే గానీ వదల్లేదు.

ఈ తంటా పాతకాలం వాళ్ళకి లేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ క్రీసీ బృందం ఐబీఎం కోసం తయారుచేసిన సీపీ-40, 1967లో వాడకంలోకి వచ్చింది. ఒక్క మెయిన్‌ఫ్రేమ్‌ని 14 యంత్రాలుగా చూపించేది. 1972లో ఆ వంశంలోదే వీఎం/370 బయటికొచ్చింది. ఇవి ఇంకొకరి ఇంట్లో దిగిన చుట్టాలు కావు. ఇల్లే అవి. తీసెయ్యడమన్న ప్రశ్నే రాదు.

బల్లమీది కంప్యూటర్‌తోనే చిక్కొచ్చింది. ఒక యంత్రంలో ఇంకో యంత్రాన్ని సజావుగా నడపాలంటే ప్రాసెసర్ ఎలా ఉండాలో 1974లోనే పోపెక్, గోల్డ్‌బర్గ్ రాసిపెట్టారు. ఇంటెల్ పెంటియం ఆ పరీక్షలో తప్పింది, దాని ఆదేశాల్లో 17 అడ్డం తిరిగాయి. 1998లో డయాన్ గ్రీన్, స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మెండెల్ రోజెన్‌బ్లమ్, మరో ముగ్గురు కలిసి వీఎంవేర్ పెట్టారు. 1999లో వాళ్ళు తెచ్చిన వర్క్‌స్టేషన్, మొరాయించే ఆదేశాలని నడుస్తుండగానే తిరగరాసేది. నాకైతే ఇప్పటికీ అబ్బురమే. కానీ దానికి కెర్నెల్‌లోకి డ్రైవరు దిగాలి, లేని నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టు విండోస్‌ని నమ్మించాలి, వెనక సర్వీసులు నడవాలి. ఇలా పనిచేసే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఫోల్డరు పైపై ముఖమే. నేను చెరిపింది ఆ ముఖాన్ని.

2005 చివర్లో ఇంటెల్ చిప్పులోనే ఇందుకు సాయం పెట్టింది. తిరగరాసే పని తగ్గింది, డ్రైవర్లు మాత్రం ఉండిపోయాయి. 2012లో విండోస్ 8తో ఇదే పని చేసే హైపర్-వి వచ్చాక కథ మళ్ళీ కేంబ్రిడ్జ్‌కే చేరింది. దాన్ని ఆన్ చేస్తే విండోసే దాని మీద కూర్చుంటుంది. వద్దనుకుంటే విండోస్ ఫీచర్స్‌లో టిక్ తీసి రీస్టార్ట్ చెయ్యాలి.

ఇంతకీ ఆ సి డ్రైవ్‌ని నింపింది ప్రోగ్రామ్ కాదు, లోపలి మెషిన్‌కి హార్డ్ డిస్క్‌లా పనిచేసే వర్చువల్ డిస్క్ ఫైళ్ళు. ఒక్కోటి నాలుగేసి జీబీలు. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ వాటి జోలికి పోదు, అవి వాడినవాళ్ళ సొత్తు గనక. అది తెలియక వాటినీ తుడిచేశాను. సాయంత్రం బ్యాచ్ కుర్రాడొకడు వచ్చి, "అన్నా, నా స్క్రిప్టులన్నీ దాన్లోనే ఉన్నాయి" అన్నాడు. నెలన్నర పని.

మీరు తీసేటప్పుడు ముందు లోపలి మెషిన్‌ని షట్‌డౌన్ చెయ్యండి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్, రీస్టార్ట్. డిస్క్ ఫైలు చెరిపే ముందు మాత్రం అది ఎవరిదో అడగండి.