మార్లవాయిలో తయారైన మన పంతుళ్లు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం సర్కారు ఉలిక్కిపడింది. గోండుల గోడు ఏంటో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన పుస్తకాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం గానీ, 1943లో మార్లవాయిలో మొదలైన శిక్షణ కేంద్రం సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

అక్కడ ముందు తయారుచేసింది పంతుళ్లను. బయటి నుంచి వచ్చే పంతులుకు గోండి రాదు, మన పిల్లలకు ఉర్దూ రాదు. మరి బడి ఎట్లా నడుస్తది? అందుకే గోండు యువకులకే చదువు చెప్పి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారుచేసి, వాళ్లనే గూడేలకు పంపారు. అక్కడ చదివినోళ్లలో కొందరు పట్వారీలు కూడా అయ్యారు. భూమి కాగితం కోసం పరాయోడి కాళ్లు పట్టుకునే రోజుల్లో పట్వారీ మనోడు కావడం చిన్న సంగతా!

2000లో వచ్చిన జీవో 3 కూడా ఆ దారిలోదే. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. వంద శాతం రిజర్వేషన్ కుదరదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేసి ఖాళీగా కూర్చున్నోళ్లు మన గూడేల్లో ఎందరో మనకే తెలుసు. వాళ్ల గోస ఒకెత్తు. ఒకటో తరగతి పిల్ల గోండిలో దాహమైతుందంటే, ఆ మాట అర్థమయ్యే పంతులు బడిలో ఉన్నాడా?