ప్రత్యేక తరగతులకు బోధనోపకరణాలు: కడగగలిగినదే కొనదగినది

భవిత కేంద్రానికి వచ్చే చిన్నారికి పూసల చట్రం ఇస్తే చేత్తో తడుముతుంది, వాసన చూస్తుంది, నోట్లోనూ పెట్టుకుంటుంది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి నోటితో తెలుసుకునే ఈ అలవాటు మూడు నాలుగేళ్లు దాటినా కొనసాగుతుంది. సెరిబ్రల్‌ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి లాలాజలం అదుపులో ఉండదు. డౌన్‌ సిండ్రోమ్‌ ఉన్నవారికి శ్వాసకోశ వ్యాధులు తేలికగా సోకుతాయి. అదే చట్రం మరుక్షణమే పక్క పిల్లవాడి చేతికి చేరుతుంది. అందువల్ల ఉపకరణం ఎంపికలో ‘ఇది ఏమి నేర్పుతుంది?’ అన్న ప్రశ్నతోపాటు ‘దీనిని ఎలా కడగాలి?’ అన్న ప్రశ్నకూ సమాన స్థానం ఇవ్వాలి.

శుభ్రపరచడానికి వీలులేని వస్తువుకు రెండే గతులు. మురికిగానే చేతులు మారి జబ్బులు పంచుతుంది. లేదా పాడవుతుందన్న భయంతో బీరువాలోనే ఉండిపోతుంది. ఎటు చూసినా నష్టపోయేది పిల్లలే.

ఏ పదార్థం మేలు?

నునుపైన, అతుకులు లేని గట్టి ప్లాస్టిక్‌, సిలికోన్‌, స్టీలు వస్తువులను సబ్బునీటితో కడగవచ్చు. స్పాంజి, థర్మోకోల్‌ తడిని, మురికిని పీల్చుకుంటాయి. పిల్లలు వాటిని కొరికి మింగే ప్రమాదమూ ఉంది. రంధ్రం ఉండి నొక్కితే కూతపెట్టే రబ్బరు బొమ్మల్లోకి నీరు చేరితే లోపల బూజు పడుతుంది. గుడ్డ బొమ్మలైతే తొడుగు విప్పి ఉతకడానికి వీలున్నవే తీసుకుని, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. కొనేముందు దానిని చూసుకోవాలి.

పరిమాణమూ ముఖ్యమే. సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం గల పొట్టి గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడవచ్చు. ఈ పరీక్షను మూడేళ్లలోపు పిల్లల బొమ్మల కోసం రూపొందించారు. నోట్లో పెట్టుకునే అలవాటున్న పెద్ద పిల్లలకూ దీనినే పాటించడం క్షేమం. బటన్‌ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్న వస్తువులను దూరంగా ఉంచాలి.

గింజలతో జాగ్రత్త

లెక్కలు నేర్పడానికి గింజలు వాడటం మన పాఠశాలల్లో పాత అలవాటు. గురివింద గింజలు చూపునకు ఎంత అందమైనవో లోపల అంత విషపూరితమైనవి. పైతొక్క గట్టిగా ఉన్నా, దండగా గుచ్చడానికి రంధ్రం చేసినప్పుడు, పళ్లతో నమిలినప్పుడు విషం బయటపడి ప్రాణాపాయం కలిగించవచ్చు. ఆముదం గింజలూ అంతే. ఈ రెండింటినీ తరగతిలోకి రానివ్వరాదు. చింతగింజలు విషం కాకున్నా గొంతులో చిక్కుకోవచ్చు. బియ్యం, పప్పులకు పురుగు పడుతుంది. వీటికి బదులు పెద్ద ప్లాస్టిక్‌ దిమ్మెలు, స్టీలు గిన్నెలు లెక్కలకు సరిపోతాయి.

కొయ్య బొమ్మల సంగతి

ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు పిల్లలకు పరిచితమైనవి, ఆకర్షణీయమైనవి. అయితే కొయ్యను నానబెడితే ఉబ్బుతుంది, పగులుతుంది. అంకుడు కర్రపై లక్క పూత ఉండే ఏటికొప్పాక బొమ్మలను తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టవచ్చు. తేలికైన పొణికి కర్రతో చేసి పైన రంగులద్దే కొండపల్లి బొమ్మలను చూపించి కథలు చెప్పడానికి వాడాలే తప్ప, నోట్లో పెట్టుకునే పిల్లల చేతికి ఇవ్వకపోవడం మంచిది.

కార్డులు, బ్రెయిల్‌ పుస్తకాలు

బొమ్మల కార్డులను ముందుగా విడివిడిగా కత్తిరించి, ఆపై చుట్టూ అర సెంటీమీటరు అంచు వదిలి లామినేషన్‌ చేయించాలి. లామినేషన్‌ అయ్యాక కాగితం అంచు తెగేలా కత్తిరిస్తే తుడిచిన ప్రతిసారీ తడి లోపలికి దిగుతుంది. వెల్‌క్రో పట్టీల్లో వెంట్రుకలు, ధూళి చేరతాయి కనుక వాటిని తరచూ బ్రష్‌తో తీయాలి. బ్రెయిల్‌ కాగితాన్ని తడపరాదు. చదివే ముందు పిల్లల చేతులు కడిగించి పొడిగా తుడవడమే దానికి రక్ష. వినికిడి యంత్రాల చెవి అచ్చులు ఎవరివి వారికే ఉండాలి. ఆటకు వాడే పిండి ముద్దలనూ ఎవరివి వారికే ఇచ్చి, ఆ రోజుకే పారవేయాలి.

శుభ్రపరిచే విధానం

నోట్లో పెట్టిన వస్తువును తిరిగి గుట్టలో కలపకుండా వేరే డబ్బాలో వేయాలి. తరగతి ముగిశాక సబ్బునీటితో రుద్ది కడగాలి. మురికి పోయాకే క్రిమిసంహారిణి పనిచేస్తుంది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ ద్రావణమైతే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కలిపితే 0.1 శాతం గాఢత వస్తుంది. అందులో పది నిమిషాలు ఉంచి, మంచినీటితో బాగా కడిగి, గాలికి ఆరబెట్టాలి. ఈ నీటిని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మరుగుదొడ్ల యాసిడ్‌తో దీనిని కలిపితే విషవాయువు వెలువడుతుంది. పిల్లలు గదిలో ఉండగా ఈ పని చేయరాదు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు ఘాటైన వాసనలను భరించలేరు.

హక్కుగా అందాల్సినవి

నిర్దేశిత స్థాయి వైకల్యం గల విద్యార్థులకు పద్దెనిమిదేళ్లు నిండే వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, సహాయక పరికరాలను ఉచితంగా అందించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ సామగ్రి పిల్లల చేతుల్లో ఉన్నప్పుడే ఈ హక్కు నెరవేరినట్లు. కొనుగోలు జాబితా తయారుచేసేటప్పుడు ప్రతి వస్తువు పేరు ఎదుట దానిని కడిగే పద్ధతిని కూడా రాసుకోవాలి. ఆ గడి ఖాళీగా మిగిలితే ఆ వస్తువుకు బదులు మరొకటి వెతకడం ఉత్తమం. ఇంట్లో వాడే బొమ్మల విషయంలో తల్లిదండ్రులూ ఇదే పద్ధతి పాటించవచ్చు.