ఢాకాలో మాటల లెక్క

జీవితబీమా కట్టు గృహస్థులకు ‘సరెండర్ విలువ’ అను మాట క్రొత్తది కాదు. వాయిదాలు నడుమ నిలిపివేసినను చేతికి దక్కు సొమ్ము అది. ఈ మాటను ఇంగ్లీషు చదువునకు తగిలించినవారు మైకేల్ వెస్ట్. ఆయన ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. బంగాళమందలి రెండు భాషల సమస్యను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1926లో వెలువడినది.

బడిలో చేరిన పిల్లలలో పెక్కుమంది చివరి తరగతి ముట్టక మునుపే మానివేయుచుండిరి. పాఠ్యక్రమము మాత్రము విశ్వవిద్యాలయము దాక పోవు కొద్దిమందిని చూచి ఏర్పరచినది. నడుమ ఆగినవానికి మిగులునదేమి? నాలుగు వ్యాకరణ సూత్రములు, అర్థముకాని రెండు పద్యములు!

ఏనాడు మానినను అంతవరకు నేర్చినది అక్కరకు రావలెనని వెస్ట్ తలచిరి. ముందు చదువుట నేర్పుడనిరి. వాచకములలో అరుదైన మాటలు తీసి వాడుక మాటలు పెట్టిరి. క్రొత్త మాటలను ఎడమెడముగా చల్లి, వచ్చిన మాట మరల మరల కనబడునట్లు చేసిరి. 1935లో ఎండికాట్‌తో కలసి కూర్చిన నిఘంటువులో అర్థములన్నియు 1,490 మాటలతోనే చెప్పిరి. అర్థము చూచి, ఆ అర్థమునకు మరల అర్థము వెదకిన బాధ మనలో ఎవరు పడలేదు?

1952లో ఫ్లడ్‌తో కలసి శాస్త్ర సాంకేతిక పదములకును తేలిక ఇంగ్లీషులో నిఘంటువు వెలువరించిరి. 1953 నాటి సుమారు 2,000 మాటల పట్టికకు, శాస్త్రమును యంత్రవిద్యను సులభముగా వ్రాయుటకు కావలసిన పదములను అనుబంధముగా చేర్చిరి. మన దేశమున వృత్తిపనివారి శిక్షణ పథకము ఆరంభమైనది 1950లోనే.

అట్టి శిక్షణాలయమొకదానిలో మేమొక యువకుని చూచితిమి. లేతు ముందు అతని చేయి వణకదు. బోల్టు, గేజి, బేరింగు అతనికి ఇంటి మాటలే. యంత్రముతో వచ్చిన సూచనల కాగితమిచ్చినచో తెల్లబోయెను. అడ్డుపడినవి యంత్రపు పేర్లు కావు. ‘బిఫోర్’, ‘అన్‌లెస్’, ‘అంటిల్’ వంటి చిన్న మాటలు. మీట లాగవలసినది బిగించుటకు ముందా, తరువాతనా? అది తారుమారైనచో వ్రేలు పోవును. ఇంగ్లీషు పరీక్షలో అతడు తప్పినది వేసవిని వర్ణించు వ్యాసమున!

వెస్ట్‌తో మాకొక పేచీ కలదు. చదువు ముందు, మాట వెనుక అనుట కర్మాగారమున సాగదు. మేస్త్రీ అడిగినదానికి నిలుచున్నచోటనే బదులు చెప్పవలెను గదా.

ఆ యువకునికి అట్టి మాటలు పదింటి క్రింద గీతలు గీసి, తెలుగు చెప్పి, కాగితము మరల ఇచ్చితిమి. ఈసారి అతడు వ్రేలుంచి చదువుచు ‘అంటిల్’ వద్ద ఆగి, “అనగా, చక్రము నిలుచుదాక మూత తీయరాదన్నమాటేనా అండీ?” అని అడిగెను.