పక్షి రక్తములోని గాదె

గూటిలో పొదుగుచున్న పిట్టపై గాలివాన విరుచుకొనిపడినప్పుడు దానికి రెండే మార్గములు. గ్రుడ్లను వదలి తన ప్రాణము దక్కించుకొనుట యొకటి. తడియుచు, ఆకలితో గూటినే అంటిపెట్టుకొని యుండుట రెండవది. ఈ నిర్ణయమును పిట్ట ఆలోచించి చేయునని మేము చెప్పజాలము. కాని అట్టి వేళ దాని రక్తములో ఒక హార్మోను నిమిషములలో పెరుగుననియు, ఆ హార్మోనును పట్టియుంచు మాంసకృత్తు ఒకటి ఆ రక్తమునందే కలదనియు, ఈ రెండింటి పొత్తు పిట్ట నడతకు సంబంధించినదనియు నేడు తెలియవచ్చినది. ఇది తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రనే ఇక్కడ మనవి చేయుచున్నాము.

కథ అధివృక్క గ్రంథులతో ఆరంభమగును. మనకు అవి మూత్రపిండములపై టోపీలవలె కూర్చుండును; పక్షులలోను మూత్రపిండముల చెంతనే యుండును. 1855లో థామస్ ఆడిసన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ గ్రంథులు చెడిన రోగులు నానాటికి క్షీణించి మరణించుటను వర్ణించెను. మరుసటి యేడు బ్రౌన్-సెకార్ జంతువుల శరీరమునుండి వానిని తొలగించి, అవి లేనిదే బ్రతుకు సాగదని చూపెను. ఆ పిదప చాలకాలమునకు, 1930 తరువాతి సంవత్సరములలో, అమెరికాలో కెండాల్, స్విట్జర్లండులో రైక్‌స్టైన్ ఆ గ్రంథి పైపొరలోని రసాయనములను ఒక్కొక్కటిగా వేరుచేసిరి. హెంచ్‌తో కలిపి వారికి 1950లో నోబెల్ బహుమానము లభించినది. ఆ రసాయనములలో మనుష్యులకు ముఖ్యమైనది కార్టిసాల్; పక్షులకు కార్టికోస్టెరోన్.

ఇంతలో 1936లో మాంట్రియల్ నగరమునుండి హాన్స్ సెల్యే ఒక చిన్న లేఖ ప్రకటించెను. ఎలుకలను చలిలో ఉంచినను, గాయపరచినను, అలసిపోవునంత శ్రమ చేయించినను వాని శరీరములలో ఒకే తీరు మార్పులు కలిగెనట: అధివృక్కములు ఉబ్బినవి, థైమస్ గ్రంథి క్రుంగినది, జీర్ణకోశమున పుండ్లు పడినవి. ఈ స్థితికి పిమ్మట స్ట్రెస్ అను మాట స్థిరపడినది. మనము ఒత్తిడి అనుచున్నాము. ఎలుకలు పడిన పాట్లకు పెట్టిన పేరు నేడు పరీక్షలకు కూర్చుండు బాలునినుండి కచేరీ గుమాస్తా వరకు అందరి నోటను వినబడుచున్నది!

ఇక మాంసకృత్తు సంగతి. దీనికి దారి చూపినది పక్షులు కావు, గర్భిణీ స్త్రీలు. నెలలు నిండుకొలది వారి రక్తములో కార్టిసాల్ మిక్కిలి పెరుగును. అంత హార్మోను ఇతరులలో ఉన్నచో ముఖము ఉబ్బి, చర్మము పలుచబడి, రోగలక్షణములు కనబడవలెను. గర్భిణులకు అవి కనబడవు. హార్మోను ఉన్నది, దాని పని కానరాదు. ఇది వైద్యులకు పెద్ద చిక్కుముడి అయినది.

ముడి విప్పిన పరీక్ష చాల సులభమైనది. పలుచని సెల్లోఫేను సంచిలో రక్తద్రవమును పోసి, దానిని నీటివంటి ద్రవములో వ్రేలాడదీయుదురు. హార్మోను కణము చిన్నది, సంచి రంధ్రములగుండా ఇటునటు పోవును. మాంసకృత్తు పెద్దది, లోపలనే చిక్కియుండును. కొంతసేపటికి హార్మోను లోపల ఎంతయో వెలుపలను అంతయే యుండవలెను. అట్లుగాక లోపలనే ఎక్కువ నిలిచినచో, అక్కడ దానిని ఎవరో పట్టుకొనియున్నారన్నమాట. సెయింట్ లూయీ నగరమున విలియం డాగడే 1956 మొదలు రెండు మూడేండ్లలో ఈ పట్టును గూర్చి ప్రకటనలు చేసెను. 1959లో బఫెలో నగరపు పరిశోధకులు స్లాన్‌వైట్, శాండ్‌బర్గ్ ఆ మాంసకృత్తుకు ట్రాన్స్‌కార్టిన్ అని పేరు పెట్టిరి. స్త్రీ హార్మోనయిన ఈస్ట్రోజెన్ దీనిని పెంచుననియు తేలినది. గర్భిణుల రహస్యము బయటపడినది: వారి కార్టిసాల్‌లో అధికభాగము బంధించబడి యున్నది, బంధించబడినది పని చేయదు. మామూలు మనిషి రక్తములోనైనను స్వేచ్ఛగా తిరుగు కార్టిసాల్ నూటికి అయిదు పాళ్లకు అటునిటు మాత్రమే.

అయినచో ఇది బండియా, గాదెయా? ట్రాన్స్ అను ఉపసర్గమే మోయుట అను భావమును స్ఫురింపజేయుచున్నది. కాలేయములో పుట్టి రక్తములో తిరుగు ఈ వస్తువు హార్మోనును ఊరూర దింపు బండివంటిదని కొందరి ఊహ. కాదు, అది గాదెవంటిది, గాదెలోని ధాన్యము ఆకలి తీర్చదు, బయటికి తీసినదే తీర్చునని మరికొందరి వాదము. ఈ రెండవ వాదమును 1989లో మెండెల్ లెక్కలతో విపులముగా పరిశీలించెను. మాకు గాదె ఉపమానమే నచ్చినది. ఏలననగా పక్షుల కథ దానితోనే అర్థమగును.

1960 తరువాత సీల్, డో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నెముక గల అనేక జాతులలో ఈ మాంసకృత్తును వెదకిరి. 1984లో వింగ్‌ఫీల్డ్, మాట్, ఫార్నర్ పక్షులలో ఒక విశేషము చూపిరి. మనుష్యులకు లైంగిక హార్మోనులను పట్టుటకు వేరొక మాంసకృత్తు కలదు, పక్షులకు లేదు. కావున వాని టెస్టోస్టెరోన్ కూడ కార్టికోస్టెరోన్ గాదెలోనే తల దాచుకొనవలెను. కష్టకాలమున గాదె నిండిపోయినచో రెండవ చుట్టమునకు చోటు కరవగుటకు అవకాశము కలదు.

అడవిలో ఈ పని చేయుట మాటలు కాదు. పిట్ట వలలో పడిన క్షణమునుండియే దాని ఒత్తిడి మొదలగును. కనుక మూడు నిమిషములలోపల రెక్క నరమునుండి కొన్ని బొట్ల రక్తము సన్నని గాజు గొట్టములోనికి తీయవలెను. ఆ పిదప పిట్టను గుడ్డసంచిలో ఉంచి, అరగంటకో గంటకో మరల తీయుదురు. మొదటిది శాంతస్థితి, రెండవది భయస్థితి.

2003లో బ్రూనర్, వింగ్‌ఫీల్డ్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన ఈ చరిత్రలో మలుపు. తలపై తెలుపు చారలు గల ఒక పిచ్చుక ఉత్తర అమెరికా పడమటి భాగమున కలదు. దాని జనసమూహములు మూడింటిని, వేర్వేరు అక్షాంశములలో, వేర్వేరు ఎత్తులలో గూళ్లు కట్టువానిని వారు పోల్చిరి. వేసవి దీర్ఘముగా ఉన్న తావున పిట్ట ఏటికి మూడు ఈతల వరకు పిల్లలను పెంచును. ఒక గూడు పోయినను మరియొకటి కట్టుకొనును. వేసవి క్లుప్తముగా ఉన్న చోట ఒక్క ఈతయే, అరుదుగా రెండు. అక్కడ గూడు విడుచుట యనగా ఆ యేటి సంతానమును విడుచుటయే. కావున అట్టి పక్షి ఒత్తిడికి తేలికగా లొంగరాదని వారి ఊహ. రక్తము పరీక్షించి చూడగా మొత్తము కార్టికోస్టెరోన్ మూడు సమూహములలోను ఇంచుమించు సమానమే! ఊహ తప్పెనని అక్కడే ఆగియున్నచో కథ ముగిసెడిది. కాని పట్టు మాంసకృత్తులను కూడ కొలువగా తేడా అక్కడ దొరికినది. భయస్థితిలో స్వేచ్ఛగానున్న హార్మోను, గూటికాలము పొడవైన పిట్టలకు ఎక్కువ, పొట్టిదైన పిట్టలకు తక్కువ. గ్రంథి విడిచిన సరుకు ఒక్కటే. గాదె తాళము వేరు.

గాదె తలుపు ఎట్లు తెరుచుకొనును? ఈ మాంసకృత్తు సెర్పిన్లు అను కుటుంబమునకు చెందినదని 1980 తరువాతి పరిశోధనలు తేల్చినవి. దీనికి ఉచ్చువంటి భాగమొకటి కలదు. వాపు వచ్చిన చోట తెల్లకణములు విడుచు ఎంజైము ఆ ఉచ్చును కోసిన తోడనే ఆకారము మారి, హార్మోను జారిపోవును. ఆ విధముగా గాయమైన తావుననే సరుకు దిగును. చూడబోయిన, బండి వాదులకును కొంత న్యాయము జరిగినది! 2016లో కోడి రక్తమునుండి ఈ మాంసకృత్తును వేరుచేసి జన్యువును గుర్తించిరి. జీబ్రా ఫించ్ పిట్ట మాంసకృత్తుకును ఎలుక మాంసకృత్తుకును ఆకారపోలిక ఉన్నను, నిర్మాణవరుసలో సామ్యము నూటికి నలువది మాత్రమే. క్షీరదములలో హార్మోనును నిలిపిపట్టు ట్రిప్టోఫాన్ స్థానమున పక్షులలో ఆస్పరజిన్ ఉన్నది. సరీసృపములలోను అంతే.

ఇంతవరకు వచ్చిన పిదప శాస్త్రజ్ఞులు ఒక్కమాటపై నిలిచిరా? లేదు. 2013లో ఒకే పత్రికలో రెండు పక్షములు వెలువడినవి. మొత్తము హార్మోనును కొలుచుట చాలదని బ్రూనర్, మరి ఇద్దరు. స్వేచ్ఛా హార్మోను లెక్క ప్రతి క్షేత్ర పరిశోధనకును అవసరమా యని శోక్, రొమెరో, మరి ఇద్దరు. ఇది పండితుల పట్టుదల మాత్రమే కాదు. ఏ పక్షిజాతి కష్టములో ఉన్నదో నిర్ణయించుటకు ఏండ్ల తరబడి మొత్తము హార్మోను అంకెలనే ఆధారము చేసికొనిరి. పిచ్చుకల సాక్ష్యము చూచిన మాకు బ్రూనర్ పక్షమున మొగ్గు కలుగుచున్నది. కాని ఎదుటిపక్షమునకు బలమగు సంగతి ఒకటి కలదు. గాజు గొట్టములో ఈ పట్టును కొలుచుట సాధారణముగా మంచుచలిలో, నాలుగు డిగ్రీల వద్ద జరుగును. పిట్ట ఒడలి వేడి నలువది డిగ్రీలు దాటియుండును. మనుష్యుల మాంసకృత్తు జ్వరపు వేడిలో పట్టు సడలించునని 2010లో తేలియున్నది. ఇప్పుడు జీబ్రా ఫించ్ మాంసకృత్తును గుర్తించు ప్రతిదేహములు ఇతర పక్షుల మాంసకృత్తును కూడ గుర్తించుచున్నందున, గాదె పరిమాణమును నేరుగా కొలుచు వీలు కలిగినది.