ఆరోగ్యవరమున గుర్తింపబడిన రాత్రిదగ్గు

నడిరేయి దాటిన పిదప ఆరంభమై తెల్లవారువరకు విడువని పొడిదగ్గును, దానివెంట పిల్లికూతలును ఆయాసమును గల రోగిని చూచి ‘ఇస్నోఫీలియా’ యనుట మన పల్లెలలో నేటికిని వినవచ్చు మాటయే. కాని ఆ వ్యాధిని క్షయనుండి వేరుచేసి వైద్యలోకమునకు తెలిపిన తొలివారు మదనపల్లె చెంత పనిచేసిన వైద్యులని యెరిగినవారు మనలో మిక్కిలి అరుదు.

ఆ పేరునకు మూలమైన కణమును 1879లో జర్మనీయందు పాల్ ఎర్లిక్ గుర్తించెను. నెత్తురుపొరకు రసాయనపు రంగులద్ది సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, ఇయోసిన్ అను ఎఱ్ఱరంగును గాఢముగా పీల్చుకొను కణికలు గల శ్వేతకణములను అతడు ఇయొసినోఫిల్ అని వ్యవహరించెను. ఆరోగ్యవంతుని రక్తమున ఘనమిల్లీమీటరునకు ఇవి సాధారణముగా 500కు మించవు.

క్షయకు తగిన మందే లేని కాలమున, పొడిగాలియు విశ్రాంతియు పుష్టికరమైన ఆహారమునే శరణ్యములుగా నెంచి, క్రైస్తవ మిషనులు కొన్ని కలిసి మదనపల్లె సమీపమున నెలకొల్పిన ఆరోగ్యవరము శానటోరియమునకు దూరప్రాంతములనుండి రోగులు వచ్చుచుండిరి. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్-మోలర్ దానికి అధిపతి. దగ్గు, జ్వరము, కృశత్వము, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులపై మచ్చలు, ఇట్లు లక్షణములన్నియు క్షయనే తలపించుచున్నను, కొందరి కఫమున క్షయక్రిమి కానరాకపోవుటయు, వారి నెత్తుటిలో ఇయొసినోఫిల్ కణములు విపరీతముగా పెరిగియుండుటయు గమనించి, ఆయనయు సహచరుడు బార్టనును 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌నందు దీనిని క్షయను పోలిన వేరొక వ్యాధిగా ప్రకటించిరి. క్షయ యన్నంతనే ఇంటివారు పళ్లెమును పడకను వేరుచేసిన ఆ దినములలో, ‘నీది క్షయ కాదు’ అను మాట ఒక రోగికి ఎట్టి ప్రాణదానమో ఊహింపుడు!

1943లో వైద్యుడు వైన్‌గార్టెన్ ఈ వ్యాధికి ‘ట్రాపికల్ ఇయొసినోఫిలియా’ యని నామకరణము చేసి, పాషాణసంబంధమైన మందుతో దీనిని కుదుర్చవచ్చునని చూపెను. ఆ మందును సృష్టించినవాడును ఎర్లిక్కే యగుట విశేషము. పిమ్మట బోదకాలికి వాడు డైఈథైల్‌కార్బమజైన్ ఈ దగ్గునకును పనిచేయుటతో మూలమెచటనున్నదో సూచన దొరకెను. 1960లో వెల్లూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తులలో బోదకాలిని కలిగించు ఫైలేరియా పురుగు పిల్లలను కనుగొనిరి.

దోమకాటువలన దేహము చొచ్చిన ఫైలేరియా పురుగుల సంతానము సామాన్యముగా రాత్రివేళ రక్తమున సంచరించును. ఈ రోగులందో శరీరము వానిని సహింపక ఊపిరితిత్తుల సన్నని నాళములలోనే నిర్బంధించును. లింఫోసైటులను వేరొక జాతి శ్వేతకణముల పిలుపునందుకొని ఎముకల మజ్జనుండి వెడలిన ఇయొసినోఫిల్‌లు వేలకొలదిగా ఆ చోట గుమిగూడి, కణికలలోని విషపదార్థములను క్రుమ్మరింపగా, పురుగుతోపాటు ఊపిరితిత్తుల మృదుకణజాలమును దగ్ధమగును. ఎలర్జీతో కూడిన ఉబ్బసమునందును ఈ కణములు చేయు హాని ఇట్టిదే. అచట పురుగునకు బదులు పుప్పొడియో ధూళియో నెపమగుచున్నది. ఇయొసినోఫిల్ దోషియని కొందరు తలతురు. నా తలపున అది అతిగా శ్రమించిన కావలివాడు మాత్రమే.

చికిత్స జాగైనచో ఊపిరితిత్తులు గట్టిపడి శాశ్వతమైన ఆయాసము మిగులును. కావున పాఠకులారా, మీ ఇంట నెవరికైనను రాత్రిదగ్గు వారములతరబడి విడువకున్నచో, ఉపేక్షింపక వైద్యునికడకు గొనిపోయి, కఫముతోపాటు నెత్తురును పరీక్ష చేయింపుడు.