స్కౌట్: వేగు నుంచి సేవకు

బళ్లో మెడకు స్కార్ఫు చుట్టుకుని కనిపించే పిల్లల్ని స్కౌట్స్ అంటాం. ఈ మాటకు మూలం 'వినడం' అనే అర్థమున్న లాటిన్ క్రియ 'ఆస్కుల్తారే'. డాక్టర్లు స్టెతస్కోపుతో గుండె చప్పుడు వినే 'ఆస్కల్టేషన్' కూడా ఈ కుదురుదే. స్కౌట్ అనే మాట పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి, శత్రువుల జాడ తీసే సైనికుడికి పేరైంది. మన వేగులవాడి పనే అది.

బ్రిటిష్ సైనికాధికారి బేడెన్ పవెల్ 1899లో సైనికుల కోసం రాసిన స్కౌటింగ్ పుస్తకాన్ని పిల్లలూ ఎగబడి చదివారు. ఆయన 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బాలల శిబిరం పెట్టి, మరుసటి ఏడు వాళ్ల కోసమే మరో పుస్తకం రాశాడు. అప్పటి నుంచి మాటకు యుద్ధవాసన తగ్గి, సేవాభావం అంటుకుంది.

మన దేశంలో 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పేరు చాలావరకు ఇంగ్లీషుదైనా, శిక్షణలోని మెట్ల పేర్లు సంస్కృతానివి: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్. ముడులు వేయడం, ప్రథమ చికిత్స, ఆరుబయట వంట వీటిలో నేర్పుతారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో భక్తులకు సాయపడేవాళ్లలో స్కౌట్లూ ఉంటారు. మీ పిల్లల బళ్లో ఈ దళం ఉంటే తప్పక చేర్పించండి.