మళ్లీ మొదటికి: అమెరికన్ సూపర్ హీరో కామిక్స్‌లో పునఃప్రారంభాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు, దశాబ్దాలుగా నడుస్తున్న సూపర్ హీరో కామిక్స్ ఎందుకు పదే పదే కొత్తగా మొదలవుతాయో, ఎంత పెద్ద మార్పు జరిగినా చివరకు ఎందుకు యథాస్థితికి చేరుకుంటాయో వివరించగలుగుతారు. దీని వెనుక ఉన్న యాజమాన్య, మార్కెట్ కారణాలను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. సూపర్‌మ్యాన్ కథలు ప్రచురించే 'యాక్షన్ కామిక్స్' పత్రిక 2011లో 904వ సంచికతో ఆగిపోయింది. వెంటనే అదే పేరుతో 1వ సంచిక వెలువడింది. డి.సి. సంస్థ ఆ సమయంలో ఒకేసారి 52 పత్రికలను 1వ సంచికతో ప్రారంభించింది. కొత్త వరుసలో 52 సంచికలు వచ్చాక, 2016లో వచ్చిన తరువాతి సంచికపై 53 అనే అంకె లేదు. 957 అని ఉంది. 904కు 52 కలిపితే 956 అవుతుంది. అంటే పక్కన పెట్టిన పాత లెక్కను ప్రచురణకర్తలు మళ్లీ అందుకున్నారు. 2018లో 1000వ సంచికను ఘనంగా విడుదల చేశారు.

కొత్తదనాన్నీ, పాతదనాన్నీ ఒకే సంస్థ ఏడేళ్ల వ్యవధిలో అమ్ముకోగలిగింది. ఇది ఎలా సాధ్యమైంది? రచయితలకు ఊహాశక్తి కొరవడటమే కారణమని చాలామంది అంటారు. ఆ సమాధానం సరిపోదు. అసలు కారణాలు ఆ పాత్ర ఎవరి సొత్తు, పత్రిక ఎలా అమ్ముడవుతుంది అనే ప్రశ్నల్లో ఉన్నాయి.

2. పాత్ర ఎవరి సొత్తు?

జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో పాఠకుల ముందుకు వచ్చాడు. ఆ పాత్రపై హక్కులను వారు ప్రచురణ సంస్థకు 130 డాలర్లకు అమ్మేశారు. అప్పటి నుంచి ఆ పాత్ర కథను ఎలా నడపాలో, ఎక్కడ ముగించాలో నిర్ణయించే అధికారం వారికి లేదు.

నవల రాసిన రచయిత తన నాయకుడికి పెళ్లి చేయవచ్చు, ముసలివాణ్ణి చేయవచ్చు, చంపవచ్చు. సూపర్ హీరో కామిక్స్ రచయిత పరిస్థితి అద్దె ఇంట్లో ఉన్నవారి పరిస్థితి వంటిది. గోడకు కొత్త రంగు వేయవచ్చు గాని, గోడను పడగొట్టడానికి వీల్లేదు. తరువాత వచ్చేవారికి ఇంటిని అప్పగించి వెళ్లాలి. పైగా ఆ పాత్ర పత్రికకే పరిమితం కాదు. బొమ్మలు, దుస్తులు, సినిమాలు అన్నింటిపైనా అదే ముఖం ఉండాలి. 2009లో డిస్నీ సంస్థ మార్వెల్‌ను దాదాపు 400 కోట్ల డాలర్లకు కొనడానికి ముందుకు వచ్చినప్పుడు, ఆ ధరలో ప్రధాన భాగం అందరూ గుర్తుపట్టే పాత్రలదే. అందరూ గుర్తుపట్టాలంటే పాత్ర పెద్దగా మారకూడదు.

3. కాలంతో వచ్చిన చిక్కు

ఇటలీ పండితుడు ఉంబెర్టో ఎకో 1962లో సూపర్‌మ్యాన్‌పై రాసిన వ్యాసంలో ఈ చిక్కును గుర్తించాడు. మనిషి చేసే ప్రతి పనీ అతన్ని ఒక అడుగు మరణం వైపు నడిపిస్తుంది. సూపర్‌మ్యాన్ అలా ఖర్చైపోకూడదు. అందువల్ల ప్రతి కథా వెనుకటి కథ జరగనట్లే మొదలవుతుంది.

'చందమామ'లోని బేతాళ కథలు మీకు గుర్తుండే ఉంటాయి. ప్రతిసారీ విక్రమార్కుడి మౌనం భంగమవుతుంది, బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. అక్కడ మొదటికి రావడమే నియమం. ఆ సంగతి పాఠకుడికి ముందే తెలుసు. తొలినాటి సూపర్ హీరో కథలూ దాదాపు ఇలాగే నడిచాయి. చదివేది పిల్లలే కాబట్టి కొన్నేళ్లకు పాతవారు మానేస్తారు, కొత్తవారు వస్తారు అని ప్రచురణకర్తలు భావించేవారు. అందుకే 1956లో 'ఫ్లాష్' అనే పాత పేరును బారీ అలెన్ అనే కొత్త నాయకుడికి ఇచ్చారు.

అయితే కొందరు పాఠకులు మానలేదు, మరచిపోనూ లేదు. 1961లో ఒక కథలో పాత ఫ్లాష్ మరో భూమిపై జీవిస్తున్నాడని చెప్పి ఇద్దరినీ కలిపారు. అదే కాలంలో మార్వెల్ కథల్లో పర్యవసానాలు మిగలడం మొదలైంది. 1962లో హైస్కూలు విద్యార్థిగా పరిచయమైన స్పైడర్‌మ్యాన్ 1965లో కళాశాలలో చేరాడు. 1973లో అతని ప్రియురాలు గ్వెన్ స్టేసీ మరణించింది. ఇలా కథకు ఒక గతం పేరుకుంది. పాత పాఠకుడికి ఆ గతమే ఆస్తి. కొత్త పాఠకుడికి అదే అడ్డుగోడ. పునఃప్రారంభం ఈ వైరుధ్యం నుంచి పుట్టింది. 1985–86లో డి.సి. 12 సంచికల 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' ద్వారా తన అనేక భూములను ఒక్కటిగా చేసి, సూపర్‌మ్యాన్ కథను మొదటి నుంచి చెప్పించింది.

4. మార్కెట్ పాత్ర

1970ల నుంచి కామిక్స్ అమ్మకం పత్రికల దుకాణాల నుంచి క్రమంగా ప్రత్యేక కామిక్స్ దుకాణాలకు మారింది. ఈ పద్ధతిలో దుకాణదారుకు ఎక్కువ తగ్గింపు ఇస్తారు; అమ్ముడుపోని ప్రతులను మాత్రం వాపసు తీసుకోరు. కొనేవారు ఎక్కువగా అభిమానులు, సేకర్తలు. వారికి 1వ సంచిక అంటే మోజు. 1991లో వచ్చిన 'ఎక్స్-మెన్' 1వ సంచికకు 80 లక్షలకు పైగా ప్రతుల ఆర్డర్లు వచ్చాయి. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ 'మరణించిన' సంచిక లక్షలాదిగా అమ్ముడైంది. 1993లో అతను తిరిగి వచ్చాడు. విలువ పెరుగుతుందని కొని దాచుకున్నవారి ఆశలు కూలాయి, చాలా దుకాణాలు మూతపడ్డాయి. 1996లో మార్వెల్ దివాలా రక్షణ కోరింది.

అయినా ఆ పద్ధతి పోలేదు. కొత్త 1వ సంచికకు అమ్మకాలు పెరుగుతాయి, తరువాత తగ్గుతాయి. తగ్గినప్పుడు మరో 1వ సంచిక వస్తుంది. బేతాళ కథకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఇక్కడ 'ఈసారి అంతా మారిపోతుంది' అన్న మాటనే అమ్ముతారు.

5. ఏది నిలుస్తుంది?

అన్ని మార్పులూ చెరిగిపోవు. 1984లో రాబిన్ పాత్రను వదిలి నైట్‌వింగ్‌గా మారిన డిక్ గ్రేసన్ ఆ పేరుతోనే స్థిరపడ్డాడు. 2011లో పరిచయమైన మరో స్పైడర్‌మ్యాన్, మైల్స్ మొరాలెస్, నేటికీ ఉన్నాడు. స్పైడర్‌మ్యాన్‌కు 1987లో జరిగిన పెళ్లిని మాత్రం 2007లో కథలోనే జరగనట్లు చేశారు. పెళ్లైన నాయకుడు వయసు మీరినట్లు కనిపిస్తాడని సంపాదకుల వాదన. తేడా గమనించండి: సంస్థ చేతికి మరో పాత్రను ఇచ్చిన మార్పు నిలిచింది. ఉన్న పాత్ర గుర్తింపును కదిలించిన మార్పు నిలవలేదు.

యథాస్థితి అంటే ఎవరి స్థితి అని కూడా అడగాలి. 1985లో మరణించిన బారీ అలెన్ 2008లో తిరిగి వచ్చాడు. ఆ మధ్య 20 ఏళ్లకు పైగా వాలీ వెస్ట్‌నే ఫ్లాష్‌గా చూస్తూ ఒక తరం పెరిగింది. ఆ తరానికి ఇది తిరిగి రావడం కాదు, తమది పోవడం.

అన్నింటికన్నా పెద్ద నష్టం పుటల బయట జరిగింది. సూపర్‌మ్యాన్‌కు వయసు రాలేదు. అతన్ని సృష్టించినవారికి వచ్చింది. 1975లో, అరవై దాటిన సీగెల్, దాదాపు చూపు కోల్పోయిన షూస్టర్ బహిరంగంగా పోరాడిన తరువాతే సంస్థ వారికి ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల భృతి ఇవ్వడానికి, సృష్టికర్తలుగా వారి పేర్లు వేయడానికి అంగీకరించింది. పాత్రను ఎన్నిసార్లైనా మొదటికి తేవచ్చు. వారి జీవితాలకు ఆ వీలు లేదు.

6. సారాంశం

పాత్ర సంస్థ ఆస్తి కావడం వల్ల కథకు ముగింపు ఉండదు. గతం పేరుకోవడం వల్ల పునఃప్రారంభం అవసరమవుతుంది. 1వ సంచికకు ఉన్న గిరాకీ వల్ల అది లాభసాటి అవుతుంది. పాత్ర గుర్తింపును కాపాడుకోవాలి కాబట్టి యథాస్థితి తిరిగి వస్తుంది. ఈ నాలుగింటినీ కలిపి చూసినప్పుడే ఈ చరిత్ర మీకు బోధపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 2016లో 'యాక్షన్ కామిక్స్' సంచికకు 957 అనే సంఖ్య ఎలా వచ్చింది? దాని వల్ల సంస్థకు కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. నిలిచిన ఒక మార్పును, నిలవని ఒక మార్పును పోల్చి, కారణాలు రాయండి.
3. మీరు చూసే ఏదైనా సుదీర్ఘ ధారావాహికలో యథాస్థితికి తిరిగి వచ్చే సందర్భాన్ని గుర్తించండి. దాని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?